ఎస్‌క్యూఎల్‌లో తేదీలు, సమయాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎస్‌క్యూఎల్ అంటే డేటాబేస్‌తో మాట్లాడే భాష. అందులో తేదీల గురించి టీమ్‌లోకి కొత్తగా ఎవరొచ్చినా మొదటి నెలలోనే అడిగే ప్రశ్నలివి. పాతవాళ్లూ ఆరు నెలలకోసారి మళ్లీ అడుగుతారు, వాళ్లలో నేనూ ఉన్నాను. చాట్‌లో అదే జవాబు పదేపదే టైప్ చేసి విసుగొచ్చి, అన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు. మీ ప్రశ్న ఎక్కడుందో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్లండి. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్, ఒరాకిల్, ఎస్‌క్యూలైట్ అనే అయిదు డేటాబేస్‌ల గురించే మాట్లాడుతున్నాను. ఫంక్షన్ల పేర్లు నోటితో పలికినట్టు రాశాను. టైప్ చేసేటప్పుడు మీ డేటాబేస్ స్పెల్లింగ్ వాడుకోండి.

## టేబుల్ తయారుచేసేటప్పుడు

తేదీని మామూలు వార్‌క్యార్‌లో (టెక్స్ట్ టైప్‌లో) పెట్టేస్తే ఏం పోయింది? చూడ్డానికి ఒకేలా ఉంది కదా?

చూడ్డానికి మాత్రమే. టెక్స్ట్‌ను డేటాబేస్ అక్షరం అక్షరంగా పోలుస్తుంది. '03/12/2023', '02/01/2024' అనే రెండింటినీ సార్ట్ చేయమంటే 2024 జనవరి ముందు, 2023 డిసెంబరు తర్వాత వస్తాయి. '02' అనేది '03' కంటే చిన్నది కాబట్టి దాని దృష్టిలో అదే సరైన వరస. ఎవరైనా '31/02/2024' అని కొట్టినా కిమ్మనకుండా దాచుకుంటుంది. ఆరు నెలల తర్వాత ఎవరో దాన్ని తేదీగా మార్చబోతే అప్పుడు ఎర్రర్ వస్తుంది.

ఎస్‌క్యూలైట్ సంగతి వేరు. అందులో తేదీకి ప్రత్యేకమైన టైపే లేదు. టెక్స్ట్‌గానో, యూనిక్స్ సెకన్లుగానో (1970 జనవరి 1 నుంచి గడిచినవి), జూలియన్ రోజుల సంఖ్యగానో (ఒక పురాతన తేదీ నుంచి లెక్కపెట్టిన రోజులు) దాచాలి. టెక్స్ట్ అయితే '2024-03-05' లాగా సంవత్సరం, నెల, రోజు వరసలో, ముందున్న సున్నాలు వదలకుండా రాయండి. అలా రాస్తే అక్షరక్రమమే కాలక్రమం అవుతుంది.

డేట్, డేట్‌టైమ్, టైమ్‌స్టాంప్... వీటిలో ఏది ఎప్పుడు వాడాలి?

ముందు ఒక్క విషయం తేల్చుకోండి. మీరు దాచేది క్యాలెండర్‌లో ఒక గడా, లేక భూమి మీద అందరికీ ఒకేసారి జరిగిన క్షణమా? పుట్టినరోజు, సెలవు, కట్టాల్సిన గడువు క్యాలెండర్ గళ్లు. వాటికి డేట్ చాలు. లాగిన్ అయిన సమయం, పేమెంట్ జరిగిన సమయం క్షణాలు. వాటికి టైమ్ జోన్ సంగతి తెలిసిన టైప్ కావాలి: పోస్ట్‌గ్రెస్‌లో టైమ్‌స్టాంప్ విత్ టైమ్ జోన్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డేట్‌టైమ్‌ఆఫ్‌సెట్, మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్. పుట్టినరోజును అర్ధరాత్రి 00:00 సమయంతో కలిపి క్షణంగా దాచారంటే, పడమర దిక్కున ఇంకో జోన్‌లో ఉన్నవాళ్లకు అది ముందురోజుగా కనిపిస్తుంది.

పేర్లను మాత్రం నమ్మకండి. ఒరాకిల్‌లో డేట్ అంటే తేదీతో పాటు సెకన్ల దాకా సమయం కూడా ఉంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో టైమ్‌స్టాంప్ అనే టైప్‌కు గడియారంతో సంబంధమే లేదు. అది రో (టేబుల్లో ఒక అడ్డు వరస) మారిందో లేదో తెలుసుకోవడానికి వాడే వెర్షన్ నంబరు, దాని అసలు పేరు రోవర్షన్. ఈ పేర్లు ఎవరు పెట్టారో గానీ, ఇంటర్వ్యూల్లో అడగడానికి బాగా పనికొస్తున్నాయి.

మైఎస్‌క్యూఎల్ టైమ్‌స్టాంప్‌లో 2045 నాటి తేదీ పట్టట్లేదు. ఎందుకు?

దాని హద్దు 2038 జనవరి 19, యూటీసీలో (ప్రపంచమంతా ప్రమాణంగా వాడే సమయంలో) 03:14:07. 1970 జనవరి 1 నుంచి సెకన్లను లెక్కపెట్టే 32 బిట్ల సంఖ్య అక్కడితో నిండిపోతుంది. ఇది ఎప్పుడో వచ్చే సమస్య కాదు. పాతికేళ్ల లోన్ చివరి వాయిదా తేదీ వేయబోతే ఇవాళే తగులుతుంది. ఇలాంటి వాటికి డేట్ గానీ డేట్‌టైమ్ గానీ వాడండి, అవి 9999 డిసెంబరు 31 దాకా వెళ్తాయి. కాకపోతే డేట్‌టైమ్ జోన్ మార్పిడి ఏదీ చేయదు, ఇచ్చిన అంకెలే తిరిగి ఇస్తుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 1750 తేదీ ఎర్రర్ ఇస్తోంది. మా ఆర్కైవ్‌లో పాత పత్రాలున్నాయి, ఏం చేయాలి?

డేట్‌టైమ్ బదులు డేట్ లేదా డేట్‌టైమ్2 వాడండి, అవి 0001వ సంవత్సరం నుంచే మొదలవుతాయి. పాత డేట్‌టైమ్ 1753 జనవరి 1 దగ్గర మొదలవడానికి ఒక చరిత్ర ఉంది. బ్రిటన్, దాని వలసలు 1752లో జూలియన్ క్యాలెండర్ వదిలి గ్రెగోరియన్‌కు మారాయి. ఆ ఏడాది సెప్టెంబరు 2 మర్నాడు సెప్టెంబరు 14 వచ్చింది. మధ్యలో 11 తేదీలు లేనే లేవు. ఆ చిక్కులోకి దిగకుండా మరుసటి సంవత్సరం నుంచి మొదలుపెట్టారు. మీ పత్రాలు ఆ కాలానివైతే, తేదీ ఏ క్యాలెండర్‌లో రాశారో ఇంకో కాలమ్‌లో పెట్టుకోవడం మంచిది.

పోస్ట్‌గ్రెస్‌లో "విత్ టైమ్ జోన్" అంటే జోన్ కూడా సేవ్ అవుతుందా?

అవదు. పేరు చూసి అందరూ అలాగే అనుకుంటారు. ఇచ్చిన సమయాన్ని యూటీసీలోకి మార్చి 8 బైట్లలో దాచేసి, జోన్‌ను అక్కడే వదిలేస్తుంది. చూపించేటప్పుడు మీ సెషన్ (డేటాబేస్‌తో మీ కనెక్షన్) జోన్‌లోకి మార్చి చూపిస్తుంది. యూజర్ ఏ జోన్ నుంచి పంపాడో తర్వాత కావాలంటే దానికి మీరే వేరే కాలమ్ పెట్టుకోవాలి.

రికార్డు ఎప్పుడు తయారైందో, ఎప్పుడు మారిందో డేటాబేసే రాసుకోవాలంటే?

తయారైన సమయానికి డిఫాల్ట్‌గా కరెంట్_టైమ్‌స్టాంప్ పెడితే అన్నిటిలోనూ పనిచేస్తుంది. మారిన సమయానికి మైఎస్‌క్యూఎల్‌లో ఆన్ అప్‌డేట్ అనే సౌకర్యం ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో అది లేదు, చిన్న ట్రిగర్ (మార్పు జరగగానే దానంతటదే నడిచే కోడ్) రాయాలి.

## డేటా లోపలికి పంపేటప్పుడు

04/03/2024 అని పంపితే మార్చి 4 అవుతుందా, ఏప్రిల్ 3 అవుతుందా?

సర్వర్ సెట్టింగ్‌ను బట్టి. అందుకే అలా పంపకండి. '2024-03-04' అనే ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణం) రూపం దాదాపు అన్నిచోట్లా ఒకేలా అర్థమవుతుంది. ఆ "దాదాపు" ఎస్‌క్యూఎల్ సర్వర్ పాత డేట్‌టైమ్ వల్ల వచ్చింది. సెషన్ భాష ఫ్రెంచ్‌లాంటిదైతే '2024-03-04'ను కూడా ఏప్రిల్ 3గా చదువుతుంది. గీతలు లేకుండా '20240304' అని రాస్తే ఏ భాషలోనైనా మార్చి 4 అనే చదువుతుంది. డేట్, డేట్‌టైమ్2 టైపులకు ఈ జబ్బు లేదు.

వీటన్నిటికంటే మంచి దారి ఒకటుంది. ప్రోగ్రామ్ నుంచి తేదీని టెక్స్ట్‌గా అతికించకుండా పారామీటర్‌గా (విడి విలువగా) పంపండి. డ్రైవరే (ప్రోగ్రామ్‌ను డేటాబేస్‌కు కలిపే లైబ్రరీ) చూసుకుంటుంది, ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ (ఇన్‌పుట్‌లో కోడ్ దూర్చే దాడి) టెన్షన్ కూడా ఉండదు.

ఏపీఐ (ఇంకో ప్రోగ్రామ్ డేటా ఇచ్చే దారి) నుంచి 1700000000 లాంటి సంఖ్య వస్తోంది. దీన్ని తేదీగా ఎలా మార్చాలి?

అది 1970 నుంచి గడిచిన సెకన్లు. మైఎస్‌క్యూఎల్‌లో ఫ్రమ్_యూనిక్స్‌టైమ్, పోస్ట్‌గ్రెస్‌లో టు_టైమ్‌స్టాంప్ వాడితే యూటీసీలో 2023 నవంబరు 14, 22:13:20 వస్తుంది. మార్చేముందు అంకెలు లెక్కపెట్టండి. 10 ఉంటే సెకన్లు, 13 ఉంటే మిల్లీసెకన్లు. 13 అంకెల సంఖ్యను 1000తో భాగించకుండా పోస్ట్‌గ్రెస్‌కు ఇస్తే ఏ గొడవా చేయకుండా 55 వేల చిల్లర సంవత్సరంలో ఒక తేదీ చేతిలో పెడుతుంది.

పాత టేబుల్లో 0000-00-00 కనిపిస్తోంది. ఇదేం తేదీ?

తేదీ కాదు. "తెలియదు" అనడానికి మైఎస్‌క్యూఎల్‌లో ఒకప్పటి అలవాటు. కొత్త వెర్షన్ల డిఫాల్ట్ మోడ్‌లో ఇది ఎర్రర్ ఇస్తుంది, వేరే డేటాబేస్‌కు తరలించేటప్పుడైతే అసలు పోదు. నల్‌గా (విలువ లేదు అనే గుర్తుగా) మార్చేయండి.

## ఫిల్టర్ చేసేటప్పుడు

మార్చి నెల మొత్తం అడిగాను, 31వ తేదీ రికార్డులు మాత్రం రాలేదు. బిట్వీన్ (రెండు హద్దుల మధ్య ఉన్నవి) '2024-03-01' ఆండ్ '2024-03-31' అని సరిగ్గానే రాశాను!

బిట్వీన్ తప్పు చేయలేదు. '2024-03-31' అన్న మాటకు సమయం చేర్చలేదు కాబట్టి డేటాబేస్ దాన్ని 31వ తేదీ అర్ధరాత్రి 00:00:00గా తీసుకుంది. ఆ రోజు పొద్దున 9 గంటల రికార్డు ఆ హద్దు దాటి ఉంది. సరిగ్గా అర్ధరాత్రి పడినవి మాత్రం లోపలికొస్తాయి. అందుకే కొన్నిసార్లు ఒకటీ అరా కనిపించి మనల్ని ఇంకా గందరగోళపెడతాయి.

రాయాల్సిన తీరు ఇదీ:

సమయం >= '2024-03-01' ఆండ్ సమయం < '2024-04-01'

మొదటి హద్దు లోపల, రెండో హద్దు బయట. నెలకు 30 రోజులా 31 రోజులా, ఫిబ్రవరికి 29 ఉందా లేదా అన్న లెక్క అక్కర్లేదు. మైక్రోసెకన్లు ఉన్నా లేకపోయినా ఒక్క రికార్డూ జారిపోదు. పక్క నెలకు ఇదే క్వెరీ (డేటాబేస్‌కు వేసే ప్రశ్న) రాస్తే ఏ రికార్డూ రెండు నెలల్లో పడదు. ఈ పేజీలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటాను అంటే, ఇది గుర్తుపెట్టుకోండి. కాలమ్ డేట్ టైప్‌దై, అందులో సమయం లేకపోతే బిట్వీన్ వాడినా ఇబ్బంది లేదు. కానీ ఆ కాలమ్‌ను రేపెవరైనా డేట్‌టైమ్‌గా మారిస్తే మీ క్వెరీ చడీచప్పుడు లేకుండా తప్పవుతుంది.

చివరి హద్దుకు 23:59:59 పెడితే పోలేదా?

పోదు. 23:59:59.4కు వచ్చిన రికార్డు దొరకదు. సరే .999 పెడదామంటే ఎస్‌క్యూఎల్ సర్వర్ డేట్‌టైమ్ ఇంకో ఆట ఆడుతుంది. అది మిల్లీసెకన్లను 0, 3, 7తో ముగిసేలా సర్దుతుంది కాబట్టి 23:59:59.999 కాస్తా మర్నాడు 00:00:00.000 అయిపోతుంది. అంటే ఏప్రిల్ 1 అర్ధరాత్రి రికార్డులు మార్చి లెక్కలో చేరతాయి. మైఎస్‌క్యూఎల్‌లో కూడా భిన్నాలు లేని డేట్‌టైమ్ కాలమ్‌లోకి 23:59:59.7 పంపితే రౌండ్ చేసి మర్నాటి తేదీతో దాస్తుంది. తర్వాతి రోజు కంటే "చిన్నది" అని రాయడమే దీనికి మందు.

తేదీ = '2024-03-05' అంటే ఒక్క రో కూడా రావట్లేదు. డేటా కళ్లముందే ఉంది!

కాలమ్‌లో సమయం కూడా ఉంది. 5వ తేదీ మధ్యాహ్నం 2 గంటలు, 5వ తేదీ అర్ధరాత్రి ఒకటి కావు. 5వ తేదీ నుంచి, 6వ తేదీ కంటే తక్కువ అని రెండు హద్దులు పెట్టండి. ఒరాకిల్‌లో ఇది ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే అక్కడి టూల్స్ చాలాసార్లు డేట్‌ను సమయం లేకుండా చూపిస్తాయి. లోపల మాత్రం సమయం దాక్కుని ఉంటుంది.

"గత 7 రోజులు" ఎలా రాయాలి?

అడిగినవాళ్లను ముందు ఒక మాట అడగండి: ఇప్పటినుంచి 168 గంటలు వెనక్కా, లేక నిండు రోజులు ఏడా? నౌ() (ఇప్పటి సమయం) లోంచి 7 రోజులు తీసేస్తే మొదటి రోజు సగమే వస్తుంది. పొద్దున చూసిన గ్రాఫ్‌కీ సాయంత్రం చూసిన గ్రాఫ్‌కీ మొదటి కడ్డీ ఎత్తు మారుతుంది. నిండు రోజులు కావాలంటే ఇవాళ్టి తేదీ నుంచి లెక్కపెట్టండి: పోస్ట్‌గ్రెస్‌లో కరెంట్_డేట్ - 7 నుంచి, కరెంట్_డేట్ కంటే తక్కువ. మైఎస్‌క్యూఎల్‌లో కర్‌డేట్() వాడి ఇంటర్వల్ 7 డే తీసేయండి.

పోస్ట్‌గ్రెస్‌లో నౌ() కదలకుండా నిలబడిపోయింది. లూప్‌లో ఎన్నిసార్లు పిలిచినా అదే సమయం!

కావాలనే అలా పెట్టారు. నౌ() అంటే ట్రాన్సాక్షన్ (ఒకే పనిగా కలిసి నడిచే ఆదేశాల గుంపు) మొదలైన సమయం, ట్రాన్సాక్షన్ ముగిసేదాకా మారదు. ఒకే ట్రాన్సాక్షన్‌లో రాసిన పది రికార్డులకూ ఒకే సమయం ఉండాలంటే ఇదే మంచిది. నిజంగా గడియారం చూడాలంటే క్లాక్_టైమ్‌స్టాంప్() పిలవండి. మైఎస్‌క్యూఎల్‌లో నౌ() ఆ స్టేట్‌మెంట్ మొదలైన సమయం ఇస్తుంది, సిస్‌డేట్() పిలిచిన క్షణానిది ఇస్తుంది. మధ్యలో స్లీప్(2) పెట్టి రెండింటినీ ఒకే సెలెక్ట్‌లో పిలిచి చూడండి, తేడా కనిపిస్తుంది.

## లెక్కలు వేసేటప్పుడు

మైఎస్‌క్యూఎల్‌లో మార్చి 1 లోంచి ఫిబ్రవరి 28 తీసేస్తే 73 వచ్చింది. ఏంటిది?

2024లో ఆ రెండింటికీ మధ్య తేడా 2 రోజులు. మీకొచ్చిన 73 ఇలా వచ్చింది: మైనస్ గుర్తు చూడగానే మైఎస్‌క్యూఎల్ డేట్ విలువలను మామూలు సంఖ్యలుగా మార్చింది. 20240301 లోంచి 20240228 తీసేస్తే 73. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. ఒకే నెలలోని తేదీలతో టెస్ట్ చేస్తే జవాబు సరిగ్గానే వస్తుంది కాబట్టి ఇది ప్రొడక్షన్‌కు (నిజమైన యూజర్లు వాడే చోటికి) వెళ్లాక గానీ బయటపడదు. డేట్‌డిఫ్ వాడండి. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్‌లలో మాత్రం డేట్ లోంచి డేట్ తీసేస్తే రోజులే వస్తాయి. ఒరాకిల్‌లో సమయం కూడా ఉంటుంది కాబట్టి 1.5 లాంటి భిన్నాలు రావచ్చు.

డేట్‌డిఫ్ ఒక్కోచోట మైనస్‌లో వస్తోంది. వరస ఏంటి?

మైఎస్‌క్యూఎల్‌లో ముగింపు తేదీ ముందు, మొదలు తర్వాత. జవాబు ఎప్పుడూ రోజుల్లోనే. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ముందు యూనిట్, తర్వాత మొదలు, చివర ముగింపు.

ఒక్క రోజు తేడాకు ఎస్‌క్యూఎల్ సర్వర్ "1 సంవత్సరం" అంటోంది. బగ్గా?

బగ్ కాదు. అక్కడి డేట్‌డిఫ్ గడిచిన కాలాన్ని కొలవదు, దాటిన గీతలను లెక్కపెడుతుంది. 2023 డిసెంబరు 31 నుంచి 2024 జనవరి 1కి సంవత్సరం అనే గీత ఒకసారి దాటారు కాబట్టి 1. అదే 2024 జనవరి 1 నుంచి డిసెంబరు 31 దాకా 365 రోజుల తేడా ఉన్నా 0. గంటలకూ ఇంతే: 10:59 నుంచి 11:01 దాకా 1 గంట. నిజంగా గడిచిన కాలం కావాలంటే చిన్న యూనిట్‌లో, అంటే సెకన్లలోనో నిమిషాల్లోనో, తేడా తీసి భాగించుకోండి.

అలాగైతే వయసు ఎలా లెక్కపెట్టాలి?

మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్‌డిఫ్‌కు యూనిట్‌గా ఇయర్ ఇస్తే నిండిన సంవత్సరాలే వస్తాయి. పోస్ట్‌గ్రెస్‌లో ఏజ్() తీసి, అందులోంచి ఇయర్‌ను ఎక్స్‌ట్రాక్ట్ చేయండి. ఒరాకిల్‌లో మంత్స్_బిట్వీన్ జవాబును 12తో భాగించి కింది పూర్ణాంకానికి దించండి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డేట్‌డిఫ్ ఇచ్చిన సంవత్సరాలను పుట్టినరోజుకు కలిపి చూడండి, వచ్చిన తేదీ ఇవాళ్టిని దాటితే ఒకటి తగ్గించండి.

రోజులను 365తో భాగించే పద్ధతి వద్దు. లీపు రోజుల వల్ల పుట్టినరోజుకు కొన్ని రోజుల ముందే వయసు పెరిగిపోతుంది. ఫిబ్రవరి 29న పుట్టినవాళ్లకు మామూలు ఏడాదిలో వయసు ఫిబ్రవరి 28న నిండుతుందా, మార్చి 1న నిండుతుందా అనేది డేటాబేస్ తేల్చే విషయం కాదు. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ మార్చి 1 అంటాయి. మీకు వర్తించే నియమం ఏమంటుందో అడిగి తెలుసుకోండి.

జనవరి 31కి ఒక నెల కలిపితే ఏమొస్తుంది?

ఎవరిని అడిగారన్నదాన్ని బట్టి. 2024లో మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్, ఒరాకిల్ ఫిబ్రవరి 29 అంటాయి. ఎస్‌క్యూలైట్ డిఫాల్ట్‌గా మార్చి 2 అంటుంది. ఫిబ్రవరి 31 అని రాసుకుని, మిగిలిన రెండు రోజులను మార్చిలోకి తోస్తుంది.

ఇంకో మెలిక ఉంది. జనవరి 31కి ఒకేసారి 2 నెలలు కలిపితే మార్చి 31. ఒకటి కలిపి, వచ్చిన దానికి మళ్లీ ఒకటి కలిపితే మార్చి 29. వాయిదాల పట్టిక తయారుచేసేటప్పుడు పోయిన వాయిదాకు నెల కలుపుతూ వెళ్తే ఫిబ్రవరి తర్వాత తేదీలన్నీ 29కి దిగజారి ఇక పైకి రావు. ఎప్పుడూ మొదటి తేదీకే 1 నెల, 2 నెలలు, 3 నెలలు అని కలపండి. ఒరాకిల్ యాడ్_మంత్స్ దీనికి వ్యతిరేక దిశలో ఆశ్చర్యపరుస్తుంది: నెల చివరి రోజు ఇస్తే నెల చివరి రోజే ఇస్తుంది. 2023 ఫిబ్రవరి 28కి ఒక నెల కలిపితే మార్చి 31.

నెల చివరి రోజు కావాలి.

మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్‌లలో లాస్ట్_డే. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఈఓమంత్. పోస్ట్‌గ్రెస్‌లో డేట్_ట్రంక్‌తో నెల మొదటికి వెళ్లి, ఒక నెల కలిపి, ఒక రోజు తీసేయండి. ఒరాకిల్‌లో సమయం అలాగే ఉండిపోతుంది, వద్దనుకుంటే ట్రంక్ చేయండి.

పోస్ట్‌గ్రెస్‌లో 2 గంటల 15 నిమిషాల తేడాకు నిమిషాలు 15 అని వస్తోంది. 135 రావాలి కదా?

ఎక్స్‌ట్రాక్ట్ మినిట్ అంటే గడియారంలో నిమిషాల ముల్లు ఎక్కడుందో చెప్పు అని. మొత్తం నిమిషాలు కావాలంటే ఎక్స్‌ట్రాక్ట్ ఈపాక్‌తో మొత్తం సెకన్లు తీసి 60తో భాగించండి.

## రిపోర్టులు తయారుచేసేటప్పుడు

రిపోర్టులో నిమిషాలన్నీ ఒకే అంకె చూపిస్తున్నాయి!

నెల కోడ్, నిమిషాల కోడ్ తారుమారయ్యాయి. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్‌ల టు_క్యార్‌లో (తేదీని టెక్స్ట్‌గా మార్చే ఫంక్షన్) నెలకు ఎమ్ఎమ్, నిమిషాలకు ఎమ్ఐ. మైఎస్‌క్యూఎల్ డేట్_ఫార్మాట్‌లో శాతం గుర్తు పక్కన స్మాల్ ఎమ్ నెల, స్మాల్ ఐ నిమిషం. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఫార్మాట్‌లో క్యాపిటల్ ఎమ్ఎమ్ నెల, స్మాల్ ఎమ్ఎమ్ నిమిషం.

నేనూ ఈ గోతిలో పడ్డాను. ఒక ఆఫీసులో నేను రాసిన లాగిన్ రిపోర్టులో సమయాలన్నీ 09:03, 11:03, 14:03 అని ఉండేవి. మూడు వారాలు ఎవరూ పట్టించుకోలేదు. ఏప్రిల్ 1న అన్నీ :04 అయ్యేసరికి సపోర్ట్‌లో ఉన్న అమ్మాయి ఫోన్ చేసి, "అన్నా, ఇవాళ అందరూ సరిగ్గా ఒక నిమిషం లేటుగా వచ్చారేంటి?" అంది.

నెలవారీగా గ్రూప్ చేస్తే పోయినేడాది మార్చి, ఈ ఏడాది మార్చి కలిసిపోయాయి.

మంత్() ఫంక్షన్ 3 అని మాత్రమే ఇస్తుంది, ఏ ఏడాది మార్చి అన్నది దానికి పట్టదు. సంవత్సరం, నెల రెండింటితో గ్రూప్ చేయండి. నా ఓటు మాత్రం ప్రతి రోను ఆ నెల 1వ తేదీకి దించే పద్ధతికి: పోస్ట్‌గ్రెస్‌లో డేట్_ట్రంక్, ఒరాకిల్‌లో ట్రంక్, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2022 నుంచి డేట్‌ట్రంక్. జవాబు తేదీగానే ఉంటుంది కాబట్టి సార్టింగ్ సరిగ్గా వస్తుంది. నెలల పేర్లతో సార్ట్ చేస్తే ఇంగ్లిష్‌లో ఏప్రిల్ మొదట, ఆగస్టు రెండోది వస్తాయి.

ఒక్క ఆర్డర్ కూడా లేని రోజులు రిపోర్టులో కనిపించట్లేదు. అక్కడ 0 కావాలి.

లేని రోలను గ్రూప్ బై సృష్టించలేదు. ముందు తేదీల జాబితా తయారుచేసి, దానికి మీ టేబుల్‌ను లెఫ్ట్ జాయిన్ (జత దొరకని తేదీని కూడా ఉంచే కలయిక) చేయండి. పోస్ట్‌గ్రెస్‌లో జనరేట్_సిరీస్ ఒక్క లైనులో ఇస్తుంది. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి రికర్సివ్ సీటీఈ (తనను తానే పిలుచుకుంటూ రోలు తయారుచేసే క్వెరీ) రాయొచ్చు. రోజూ వాడే రిపోర్టులైతే శాశ్వతంగా ఒక క్యాలెండర్ టేబుల్ పెట్టుకోవడం మేలు. పదేళ్లకు 3,653 రోలో, ఒకటి తక్కువో అవుతాయి, అంతే. సెలవు దినాలు కూడా అందులోనే గుర్తు పెట్టుకోవచ్చు. కౌంట్(*) బదులు మీ టేబుల్ కాలమ్‌ను కౌంట్ చేయండి, లేకపోతే ఖాళీ రోజుకు 0 బదులు 1 వస్తుంది.

2024 డిసెంబరు 30ని వారం నంబరు 1 అంటోంది. తప్పు కాదా?

ఐఎస్ఓ లెక్కలో అదే సరి. వారం సోమవారం మొదలవుతుంది, ఏడాదిలో మొదటి గురువారం ఉన్న వారం 1వ వారం. ఆ లెక్కన 2024 డిసెంబరు 30 అనే సోమవారం 2025లోని 1వ వారంలో పడుతుంది. 2021 జనవరి 1 ఏమో 2020లోని 53వ వారంలో. వారం నంబరు పక్కన మామూలు సంవత్సరం పెడితే "2024, వారం 1" అని డిసెంబరు అమ్మకాలు జనవరిలో చేరతాయి. వారంతో పాటు ఐఎస్ఓ సంవత్సరాన్నే తీసుకోండి.

ఆదివారానికి నంబరు ఎంత?

పోస్ట్‌గ్రెస్ డీఓడబ్ల్యూలో 0, ఐఎస్ఓడీఓడబ్ల్యూలో 7. మైఎస్‌క్యూఎల్ డేఆఫ్‌వీక్‌లో 1, వీక్‌డేలో 6. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డేట్‌ఫస్ట్ సెట్టింగ్ ఏది చెప్తే అది.

## టైమ్ జోన్ దగ్గర

అన్నీ యూటీసీలో దాచేస్తే ఇక గొడవే ఉండదంటారు. నిజమేనా?

జరిగిపోయిన వాటికి నిజం. జరగబోయే వాటికి కాదు. వచ్చే ఏడాది న్యూయార్క్‌లో ఉదయం 10 గంటలకు మీటింగ్ అనుకుంటే, జనం గుర్తుపెట్టుకునేది గోడ గడియారం చూపించే 10. ఇవాళ్టి నియమాలతో యూటీసీలోకి మార్చి దాచారనుకోండి, ఈలోగా ప్రభుత్వం గడియారం నియమం మారిస్తే మీ మీటింగ్ ఒక గంట అటో ఇటో జరుగుతుంది. భవిష్యత్తుకు లోకల్ సమయం, జోన్ పేరు రెండూ విడిగా దాచండి. నియమాలు ఎంతగా మారతాయో తెలియాలంటే సమోవా చూడండి. 2011లో ఆ దేశం అంతర్జాతీయ దినరేఖకు అటువైపు నుంచి ఇటువైపుకు మారడంతో అక్కడ డిసెంబరు 30 అనే రోజే లేకుండా పోయింది.

జోన్‌ను '-05:00' అని దాస్తే సరిపోదా?

అది ఆ క్షణానికి తేడా మాత్రమే, జోన్ కాదు. న్యూయార్క్ చలికాలంలో -05:00, వేసవిలో -04:00. 2024లో మార్చి 10న అక్కడ 02:00 కాగానే గడియారం 03:00కి దూకింది, అంటే 02:30 అన్న సమయమే లేదు. నవంబరు 3న 01:30 రెండుసార్లు వచ్చింది. అందుకే 'అమెరికా/న్యూయార్క్' లాంటి పూర్తి పేరు కావాలి.

ఇదే కారణంతో పోస్ట్‌గ్రెస్‌లో 1 రోజు, 24 గంటలు ఒకటి కావు. సెషన్ జోన్ న్యూయార్క్ అయితే, మార్చి 9 ఉదయం 10కి 1 రోజు కలిపితే మర్నాడు ఉదయం 10, 24 గంటలు కలిపితే 11.

ఏట్ టైమ్ జోన్ వాడితే సమయం రివర్స్‌లో జరిగింది. ఏం చేశాను?

పోస్ట్‌గ్రెస్‌లో ఆ మాట రెండు పనులు చేస్తుంది. జోన్ ఉన్న టైప్‌కు వాడితే "అక్కడి గోడ గడియారంలో ఎంతయింది?" అని. జోన్ లేని టైప్‌కు వాడితే "ఈ అంకెలు అక్కడి గడియారానివే అనుకో" అని. మీ కాలమ్ జోన్ లేనిదై, అందులో యూటీసీ అంకెలుంటే రెండుసార్లు వాడాలి: మొదట ఏట్ టైమ్ జోన్ 'యూటీసీ', దాని మీద ఏట్ టైమ్ జోన్ 'అమెరికా/న్యూయార్క్'. ఒక్కసారే వాడితే రివర్స్‌లో జరుగుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనూ ఇదే తీరు.

మైఎస్‌క్యూఎల్ కన్వర్ట్_టీజెడ్ నల్ ఇస్తోంది.

జోన్ పేర్ల టేబుళ్లు సర్వర్‌లోకి లోడ్ చేసి ఉండరు. మైఎస్‌క్యూఎల్_టీజెడ్ఇన్ఫో_టు_ఎస్‌క్యూఎల్ అనే టూల్‌తో లోడ్ చేయాలి. '+00:00' లాంటి తేడాలిస్తే టేబుళ్లు లేకపోయినా పనిచేస్తుంది, అందుకే కొన్ని క్వెరీలు నడిచి కొన్ని నడవవు.

## ప్రొడక్షన్‌కు వెళ్లాక

తేదీ కాలమ్ మీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి వరసగా సర్దిపెట్టిన సూచిక) ఉంది. అయినా క్వెరీ పాకుతోంది.

వేర్‌లో (ఫిల్టర్ షరతులో) ఇయర్(సమయం) = 2024 అని రాశారేమో చూడండి. ఇండెక్స్‌లో ఉన్నది సమయం, మీరు వెతికేది సమయాన్ని ఫంక్షన్‌లో వేసి తీసిన విలువ. ప్రతి రోను తీసి ఫంక్షన్ నడిపి చూడటం తప్ప డేటాబేస్‌కు దారి లేదు. కాలమ్‌ను ఒంటరిగా వదిలేసి లెక్కలన్నీ అవతలి వైపు పెట్టండి:

సమయం >= '2024-01-01' ఆండ్ సమయం < '2025-01-01'

జవాబు అదే, ఇండెక్స్ పనిచేస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మాత్రం కాలమ్‌ను క్యాస్ట్ చేసి డేట్‌గా మార్చినా ఇండెక్స్ వాడుకోగలదు. ఆ ఒక్క మినహాయింపు చూసి మిగతాచోట్లా అలాగే రాయకండి.

పోస్ట్‌గ్రెస్‌లో డేట్_ట్రంక్ మీదే ఇండెక్స్ పెట్టబోతే "ఇమ్యూటబుల్ కావాలి" అంటోంది.

కాలమ్ జోన్ ఉన్న టైప్‌ది అయ్యుంటుంది. రోజు ఎక్కడ మొదలవుతుందో సెషన్ జోన్‌ను బట్టి మారుతుంది. మారే జవాబును ఇండెక్స్‌లో దాచడానికి అది ఒప్పుకోదు. ముందు ఏట్ టైమ్ జోన్ 'యూటీసీ' అని జోన్‌ను బిగించి, దాని మీద డేట్_ట్రంక్ పెట్టండి. క్వెరీలోనూ అక్షరం తేడా లేకుండా అదే రాయాలి.

టెస్ట్ చేయడానికి ఏ తేదీలు పెట్టుకోవాలి?

నా ఫైల్లో ఎప్పుడూ ఉండేవి ఇవి: 2024-02-29, 2023-02-28, 2024-01-31, 2023-12-31 రాత్రి 23:59:59.999, 2024-01-01 సరిగ్గా 00:00:00, 2024-12-30, న్యూయార్క్ జోన్‌లో 2024-03-10 02:30, 2024-11-03 01:30, ఆపైన 2038-01-20. వాటితో పాటు ఒక నల్. లీపు లెక్క మీరే రాసుకున్నారంటే 1900, 2000 కూడా పెట్టండి: 1900 లీపు కాదు, 2000 అవును.